నల్లరేగడి ఎందుకు ఉబ్బుతుంది, ఎందుకు నెర్రెలు బారుతుంది?

సంచికకు సైన్సు వ్యాసం రాయమనగానే మనవాళ్ళలో చాలామంది చూపు ఆకాశం వైపు పోతుంది. నక్షత్రాలు, కృష్ణబిలాలు, చంద్రయానాలు. వాటి గురించి రాసేవాళ్ళు బాగానే రాస్తున్నారు, నేనూ చదివి సంతోషిస్తున్నాను. నాకు మాత్రం కాళ్ళకింద ఉన్న మన్ను గురించి రాయాలని ఉంది. మాది నంద్యాల జిల్లాలో కోవెలకుంట్ల వైపు, కుందేరుకు దగ్గర పల్లె. ఊరి చుట్టూ కనుచూపు మేర నల్లరేగడి. శనగ, పచ్చజొన్న, పత్తి, కొంచెం ధనియాలు. పైరు తీసేశాక ఏప్రిల్ వచ్చేసరికి ఆ చేలల్లో మోచేతి దాకా చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. గొర్రెపిల్లల్ని అటు తోలవద్దని మా జేజి కేకలేసేది, కాళ్ళు ఇరుక్కుంటాయని. అదే చేను రెండు పదున్ల వాన పడితే నెర్ర జాడ లేకుండా మూసుకుంటుంది. అప్పుడు అందులో నడిచిన మనిషి ఒక్కో కాలికి కేజీ మట్టి మోసుకుంటూ బయటికి రావాలి.

"నేల ఎండకు నోరు తెరుస్తాది, వానకు మూస్తాదిరా" అనేది జేజి. నోరు తెరవడం సరే, మూయడానికి అంత మన్ను ఎక్కడినుంచి వస్తుంది? ఈ ప్రశ్న నాకు చిన్నప్పటినుంచీ ఉంది. జవాబు డిగ్రీలో భూగర్భశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి చదివాక గానీ దొరకలేదు. ఇది మా ఒక్క ఊరి గొడవ కూడా కాదు. మన దేశంలో నల్లరేగళ్ళు, వాటి జాతి నేలలు కలిపి సుమారు 7 కోట్ల హెక్టార్లు ఉన్నాయి.

ముందు ఒక చిన్న సవరణ. నల్లరేగడి అంటే దక్కను లావా రాయి, అంటే బసాల్టు, శిథిలమై ఏర్పడిన మట్టి అని స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. మహారాష్ట్రకూ, మన తెలంగాణలో పడమటి జిల్లాలకూ అది నిజం. మా వైపు బసాల్టు లేదు. మా నేల అడుగున ఉన్నది సున్నపురాయి, పలకరాయి లాంటి షేలు. మా ఊరి పేరు మీదే 'కోయిలకుంట్ల సున్నపురాయి' అని, 'నంద్యాల షేల్' అని భూగర్భశాస్త్రంలో పొరల పేర్లున్నాయి. అయినా పైన ఉన్నది అసలైన నల్లరేగడే. కాల్షియం, మెగ్నీషియం పుష్కలంగా ఉండి, నీరు త్వరగా పారిపోని పల్లపు చోట, వానాకాలమూ ఎండాకాలమూ మార్చి మార్చి వచ్చే వాతావరణంలో ఏ రాయి శిథిలమైనా ఇలాంటి బంకమన్ను తయారవుతుంది. ఇంకో మాట. నలుపు చూసి చాలామంది ఈ నేలలో బోలెడు సేంద్రియ పదార్థం ఉందనుకుంటారు. నిజానికి సేంద్రియ కర్బనం సాధారణంగా ఒక శాతం లోపే. కాబట్టి రంగు సంగతి వదిలేద్దాం. అసలు కథంతా అందులోని ఒక ఖనిజానిది.

ఆ ఖనిజం పేరు మాంట్‌మొరిల్లొనైట్. ఫ్రాన్సులో మాంట్‌మొరిల్లన్ అనే ఊరి పేరు మీద 1847లో ఆ పేరు పెట్టారు. దాని కుటుంబాన్ని స్మెక్టైట్లు అంటారు. ఈ ఖనిజపు రేణువు పలుచని పొరల దొంతర. ఒక్కో పొరలో మళ్ళీ మూడు రేకులు. పైనా కిందా సిలికా రేకులు, నడుమ అల్యూమినా రేకు. రెండు జొన్నరొట్టెల నడుమ ఊరిబిండి పూసి అదిమినట్లు అనుకోండి. ఈ మూడూ గట్టిగా అతుక్కుని ఉంటాయి, మామూలుగా విడిపోవు. మొత్తం పొర మందం సుమారు 10 ఆంగ్‌స్ట్రాములు, అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. ఇలాంటి పొరలు తమలపాకుల కట్టలాగా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఉబ్బడమంతా ఆకుకీ ఆకుకీ మధ్య జరుగుతుంది గానీ ఆకు లోపల కాదు.

అక్కడే ఎందుకు జరుగుతుంది? అల్యూమినా రేకులో కొన్నిచోట్ల అల్యూమినియం బదులు మెగ్నీషియం వచ్చి కూర్చుంటుంది. అల్యూమినియానికి మూడు ధనావేశాలు, మెగ్నీషియానికి రెండే. కూర్చున్న చోటల్లా ఒక ధనావేశం తక్కువ పడి, పొరకు మొత్తం మీద రుణావేశం మిగులుతుంది. ఆ లోటు తీర్చడానికి సోడియం, కాల్షియం వంటి అయాన్లు పొరల సందుల్లో చేరతాయి. ఈ అయాన్లకు నీళ్ళంటే మహా ఇష్టం. తడి తగలగానే నీటి అణువుల్ని చుట్టూ చేర్చుకుంటాయి. అణువులు ఒక వరుస చేరితే పొరల మధ్య దూరం సుమారు 12.5 ఆంగ్‌స్ట్రాములకు పెరుగుతుంది. రెండు వరుసలైతే 15కు పైగా, మూడైతే 18, 19. అంటే మొదటి దానికి దాదాపు రెట్టింపు. ఇది కాక, రేణువుకీ రేణువుకీ మధ్య చేరే నీరు వేరే ఉంది, అదీ మట్టిని తోస్తుంది. సందుల్లో ఉన్నది కాల్షియం అయితే పొరలు ఒక హద్దులో ఆగుతాయి. సోడియం ఎక్కువైతే హద్దు దాటి విడిపోతూనే ఉంటాయి. అందుకే చౌడు కలిసిన రేగడి మరీ మొండిది.

కేయొలినైట్ అని ఇంకో బంకమన్ను ఖనిజం ఉంది, ఎర్రనేలల్లో ఎక్కువ. దాని పొరల మందం సుమారు 7 ఆంగ్‌స్ట్రాములు. ఒక పొర ఇంకో పొరను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటుంది, నీరు లోపలికి దూరలేదు. అందుకే అది పెద్దగా ఉబ్బదు. ఒక గ్రాము కేయొలినైట్‌కు నీటికి తగిలే ఉపరితలం 10, 20 చదరపు మీటర్లు. మాంట్‌మొరిల్లొనైట్‌కు పొరల సందులతో కలిపి 700 నుంచి 800. రైతు లెక్కలో చెప్పాలంటే, ఐదారు గ్రాముల మాంట్‌మొరిల్లొనైట్ పొరలన్నీ విప్పి పరిస్తే ఒక ఎకరం! ఈ లెక్క చెబితే మా నాయన నమ్మలేదు. "అట్లయితే చిటికెడు మన్ను తెచ్చి చూపీరా, సర్వేయర్ని పిలుస్తా" అన్నాడు.

ఎకరం పరిచి చూపించలేను గానీ, ఉబ్బడం మాత్రం చూపించవచ్చు. ఈ పరీక్ష ఎవరైనా చెయ్యగలిగినంత తేలిక. భారత ప్రామాణిక సంస్థ 1977లోనే దీన్ని ప్రమాణంగా పెట్టింది. మట్టిని ఓవెన్‌లో ఎండబెట్టి, పొడిచేసి, సన్న జల్లెడ పట్టి, పదేసి గ్రాములు రెండు కొలజాడీల్లో వేయాలి. ఒకదాంట్లో 100 మిల్లీలీటర్ల దాకా స్వేదనజలం, రెండోదాంట్లో అంతే కిరోసిను. గాలి బుడగలు పోయేలా కలిపి 24 గంటలు కదపకుండా ఉంచాలి. నీటి అణువుకు ఒక వైపు ధన, ఒక వైపు రుణ స్వభావం ఉంది కనుక అయాన్లు దాన్ని లాక్కుంటాయి. కిరోసినుకు ఆ గుణం లేదు, అందులో మట్టి ఉబ్బదు. నీళ్ళలో పెరిగిన ఘనపరిమాణం కిరోసినులో ఉన్నదానికంటే ఎంత శాతం ఎక్కువో అదే ఆ మట్టి ఉబ్బు సూచిక.

మా శనగచేను మట్టి మన ల్యాబులో చేశాను. (కిరోసిను మన ఊళ్ళ ఇళ్ళల్లో కనపడి ఏళ్ళయింది, ల్యాబు అటెండరుగారి దయ.) కిరోసినులో 10 మిల్లీలీటర్ల దగ్గర కూర్చున్నది నీళ్ళలో 18 దాకా లేచింది. అంటే 80 శాతం. మా గుట్టకింద ఎర్రమన్ను 9 నుంచి 10కి, అంతే. సూచిక 50 దాటితే పునాదుల విషయంలో జాగ్రత్త పడాలి, 100 దాటితే ప్రమాదం అంటారు. మర్నాడు పొద్దున తలుపు తీసి ఆ జాడీ చూసినప్పుడు, జేజి మాటకు మొదటిసారి ఒక అంకె దొరికినట్లనిపించింది.

ఇప్పుడు ఎండటం సంగతి. 1923లో ఇంగ్లండులో హెయిన్స్ అనే శాస్త్రజ్ఞుడు తడి మట్టి ముద్దల్ని ఎండబెడుతూ, బరువూ ఘనపరిమాణమూ కలిపి కొలిచాడు. తేలింది ఏమిటంటే, చాలాసేపు ఎంత నీరు పోతే మట్టి సరిగ్గా అంతే కుంచించుకుంటుంది. నీరు ఖాళీ చేసిన చోటికి గాలి రాదు, మట్టే దగ్గరికి జరుగుతుంది. రేణువులు ఒకదానికొకటి ఆనుకున్నాక మాత్రం, ఇక నీరు పోయినా మట్టి తగ్గదు, అప్పుడు గాలి దూరుతుంది. మామూలు ఇసుకనేలకు ఈ మొదటి దశ దాదాపు లేదు. రేగడికి అదే ప్రధానం.

ఒక చిన్న లెక్క చేద్దాం. పొడవు, వెడల్పు, లోతు మీటరు చొప్పున ఉన్న రేగడి దిమ్మె ఎండి ప్రతి దిక్కునా 6 శాతం తగ్గిందనుకోండి. రేగడికి ఇది ఎక్కువేమీ కాదు. 100 సెంటీమీటర్లు 94 అయ్యాయి. 0.94ను మూడుసార్లు హెచ్చవేస్తే 0.83. అంటే ఘనపరిమాణంలో 17 శాతం, 170 లీటర్లు మాయం. ఇందులో సుమారు మూడో వంతు పైతలం 6 సెంటీమీటర్లు కుంగడంలో పోయింది. మిగతా రెండు వంతులూ నెర్రెలయ్యాయి. నెర్ర మన కంటికి కనబడుతుంది. చేనంతా ఒక్కసారిగా కుంగడం మాత్రం కనబడదు, ఎందుకంటే చూసే మనమూ దానితోనే కుంగుతున్నాం. నిజం చేలో లోతుకు పోయేకొద్దీ తేమ తక్కువ పోతుంది, పైబరువు కూడా ఉంటుంది, కాబట్టి లెక్క ఇంత నున్నగా రాదు. కానీ ఏడాదికోసారి మా ఊరి పొలాలన్నీ కొన్ని అంగుళాలు దిగి మళ్ళీ ఎక్కుతున్నాయన్నది అబద్ధం కాదు. కంచెకు పాతిన రాతికూసాలు ఏటికేడాది తలా ఒక దిక్కుకు ఒరగడం దానివల్లే.

ఇంకో విశేషం. ఎండలో పైమన్ను పొడిపొడిగా రాలి నెర్రెల్లో పడుతుంది. వాన వచ్చి నేల ఉబ్బితే, లోపల పడిన మన్నుకు కూడా చోటు కావాలి. పక్కకు చోటు లేదు, కనుక లోపలి మట్టి దిమ్మెలు ఒకదానిమీద ఒకటి ఏటవాలుగా జారి పైకి తోసుకొస్తాయి. మీటరు లోతు గుంత తవ్విస్తే ఆ జారుడు ముఖాలు నూనె రాసిన పలకల్లా మెరుస్తూ కనబడతాయి. బావి తవ్వేవాళ్ళందరికీ ఇవి తెలుసు. ఇలా తనను తాను తిరగేసుకుంటుంది గనుకనే ఈ నేలలకు 'వర్టిసోల్' అని పేరు. లాటిన్‌లో తిప్పడం అనే మాట నుంచి పుట్టింది. 1975లో అమెరికావాళ్ళు ప్రకటించిన నేలల వర్గీకరణలో ఇది ఒక ప్రత్యేక తరగతి. కనీసం 30 శాతం బంకమన్ను ఉండాలి, కాలాన్నిబట్టి తెరుచుకుని మూసుకునే నెర్రెలుండాలి.

సేద్యానికి ఇది వరమా, శాపమా? నా ఉద్దేశంలో వరమే, కాకపోతే గడసరి వరం. నేల నెర్రెలు తెరిచి ఉన్నప్పుడు పడే తొలివాన నేరుగా లోపలికి దిగుతుంది. పై నుంచి ఇంకితే పది రోజులు పట్టే లోతుకు నెర్ర దారిలో ఒక్క గంటలో పోతుంది. తర్వాత నెర్రలు మూసుకుంటాయి, నీటి దారి కూడా మూసుకుంటుంది. అక్కడినుంచి వాన పడితే చేలో నిలుస్తుంది, గుంటక దిగదు, మనిషి దిగడు. అందుకే మా పెద్దలు ముంగారి పైరు జోలికి పోకుండా వానాకాలమంతా చేను ఖాళీగా ఉంచి, తడి లోపల నిలవచేసి, వానలు వెనకబట్టాక హింగారిలో శనగ, జొన్న వేసేవాళ్ళు. ఆ తర్వాత చినుకు లేకున్నా పైరు చేతికొచ్చేది. ఇక్కడ కూడా జాగ్రత్త ఉంది. మాఘమాసం దాటాక చిన్న నెర్రెలు మొదలై వేర్లను తెంపుతాయి, లోపలి తడి ఆ సందుల్లోంచి ఆవిరైపోతుంది. సాళ్ళలో దంతె తోలి పైన రెండంగుళాలు పొడిమట్టి చేస్తే నెర్రెలు పూడతాయి. మా నాయనకు ఇది హెయిన్స్ చెప్పలేదు, వాళ్ళ నాయన చెప్పాడు.

పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ వాళ్ళకు ఆ ఖాళీ వానాకాలం నచ్చలేదు. చేలో వెడల్పు మడులు, నడుమ కాలువలు తీసి, ఎక్కువైన నీటిని మెల్లగా బయటికి పంపితే వానాకాలంలోనూ పైరు వేయవచ్చని తమ రేగడి పొలాల్లోనే 1970లలో చేసి చూపించారు. తొలకరి పడి నేల జిగటయ్యేలోగా, పొడిదుక్కిలోనే విత్తనం వెయ్యడం కూడా ఆ పద్ధతిలో భాగం. వాన నమ్మకంగా పడే చోట్ల ఇది పని చేస్తుంది. మా వైపు వాన అంత నమ్మకస్తురాలు కాదు.

చేనుకు ఈ ఉబ్బూ తగ్గూ కావాలి. ఇంటికి మాత్రం అది అసలు పనికిరాదు. ఈ రెండింటికీ ఒకే మన్ను కావడమే మా చిక్కు.

పాతకాలంలో ఊరు గరుసు దిబ్బమీద కట్టుకున్నారు, చుట్టూ పల్లంలో చేలు. ఇళ్ళు మట్టి గోడల మిద్దెలు. గోడ కాస్త కదిలినా మట్టి మట్టితో సర్దుకునేది, ఏడాదికోసారి పూసుకునేవాళ్ళు. దిబ్బమీద చోటు అయిపోయింది. కొత్త ఇళ్ళన్నీ రేగడిలోకి దిగాయి, అదీ సిమెంటుతో. సిమెంటు గోడకు సర్దుకోవడం తెలియదు. మేము 2019లో శనగ డబ్బులకు పైన అప్పు చేర్చి చేను అంచున రెండు గదులు వేశాం. రెండో ఎండాకాలానికి కిటికీ మూలనుంచి పైకప్పు దాకా ఏటవాలు పగులు వచ్చింది, గదిలో నాపరాళ్ళు ఒకవైపు లేచాయి. "పునాది ఐదడుగులు తీపిచ్చినాం గదా, ఇంగ యాడ తక్కువొచ్చె?" అని నాయన బాధ. మేస్త్రీ సిమెంటు కూరి పోయాడు. వానాకాలం రాగానే ఆ పగులు పక్కనే ఇంకోటి.

తప్పు బరువు మోయలేకపోవడం కాదు. ఎండిన రేగడి రాయిలాగా బరువు మోస్తుంది. ఉబ్బే రేగడి చదరపు మీటరుకు 10 టన్నులకు పైగా పీడనంతో పైకి తోయడం అరుదేమీ కాదు. ఒకే అంతస్తు ఇంటి పునాది సాధారణంగా అంత బరువుతో కిందికి అదమదు. మూడు నాలుగంతస్తుల మేడ అదిమి పట్టినంతగా చిన్న ఇల్లు పట్టలేదు. బీదవాడి ఇల్లే ముందు పగలడానికి కారణం ఇది. ఇల్లంతా ఒకే తీరుగా లేచి దిగితే పగులు రాదు. మా ఇంటికి ఉత్తరం మూల స్నానాల నీళ్ళు పోయే చోటు, ఏడాది పొడుగునా తడి. దక్షిణం పక్క పెద్ద వేపచెట్టు, ఎండాకాలమంతా దాని వేర్లు నేల పీల్చేస్తాయి. ఒక కొస లేచి ఉంటుంది, ఒక కొస కుంగుతుంది, నడుమ గోడ విరుగుతుంది. పగులు మే నెలలో బాగా తెరుచుకున్నప్పుడు గట్టి సిమెంటు కూరితే, అక్టోబరులో అది మూసుకుందామన్నా వీలు కాదు. అందుకే పక్కన ఇంకోటి.

దీనికి మన దేశంలోనే మంచి ఉపాయాలు కనిపెట్టారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950లలో అడుగున ఉబ్బెత్తు గడ్డ ఉన్న కాంక్రీటు కూసాలు రూపొందించింది. తేమ మారని లోతుకు, మామూలుగా మూడున్నర మీటర్ల దాకా బోరు వేసి, అడుగున బోరుకు రెండున్నర రెట్ల వెడల్పు గడ్డలా తొలిచి కాంక్రీటు పోస్తారు. పైమన్ను ఎంత తోసినా అడుగున గడ్డ పట్టి ఉంచుతుంది. గోడ మోసే దూలానికీ నేలకూ మధ్య మూడంగుళాలు ఖాళీ వదులుతారు, మన్ను ఉబ్బితే ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.కె. కట్టి 1970లలో ఇంకో దారి చూపారు. పైన మీటరు మందం రేగడి తీసి, ఉబ్బని గుణమున్న బంక కలిసిన మన్ను తడిపి గట్టిగా దిమ్మిస వేస్తే కింది రేగడి చాలావరకు అణిగి ఉంటుంది. కర్ణాటకలో మలప్రభ కాలువ దగ్గర ఇది వాడారు. మా వైపు గరుసులో బంక కొంచెం కలిసినది వెతికితే దొరుకుతుంది. సున్నం కలపడం ఇంకో పద్ధతి, అందులోని కాల్షియం పొరల సందుల్లోకి చేరి ఉబ్బు తగ్గిస్తుంది. మా ఊళ్ళో అందరూ చేసేది మాత్రం పునాది కింద ఇసుక పోయడం. మంచి ఉద్దేశమే, కానీ ఇసుక నీటిని ఆపదు, పైగా తొట్టిలాగా నిలవచేసి చుట్టూ రేగడికి తాగిస్తుంది.

ఈ ఎండాకాలం మా చిన్నాయన ఇల్లు మొదలుపెడుతున్నాడు. సెలవుల్లో ఆయనతో మూడు రాత్రులు కూర్చుని లెక్కలు వేశాం. గడ్డల కూసాలకు బోరు మిషను తేవాలి, ఆ ఖర్చు మా వల్ల కాదన్నాడు. చివరికి ఒప్పుకున్నవి ఇవి. మీటరు రేగడి తీసి గరుసు పోసి పొరపొరకూ తడిపి దిమ్మిస వేయడం, తవ్విన పునాది ఎండకు రోజుల తరబడి వదలకపోవడం, గోడల కింద చుట్టూ ఇనుము వేసిన కాంక్రీటు పట్టీ. ఇంటి చుట్టూ నాలుగడుగుల గచ్చు బయటికి వాటంగా, వాననీళ్ళు గోడ పక్క నిలవకుండా. స్నానాల గది ఇంటికి దూరంగా, దాని నీళ్ళు పైపులో కాలువ దాకా.

వేపచెట్టు దగ్గర మాత్రం మాట ఆగింది. చెట్టు ఎత్తెంతో కనీసం అంత దూరంలో గోడ ఉండాలని నేను, కొట్టేస్తే సరిపోతుంది గదా అని మేస్త్రీ. కొట్టేసినా చిక్కేనని చెప్పాను. వేర్లు పీల్చడం ఆగితే ఎండిన మన్ను కొన్నేళ్ళపాటు తడి పట్టి పైకి లేస్తూనే ఉంటుంది. చిన్నాయన కాసేపు చెట్టు కిందే నిలబడి చూసి, తాడు తెప్పించి, ముగ్గు పోసిన హద్దును ముప్పై అడుగులు తూర్పుకు జరిపాడు.